చట్రంలో కూర్చోని ముఖం

అతని పేరు రాయను. రాస్తే అతనికి నచ్చదు. జనగామలో మా ప్రెస్సులో పద్దెనిమిదేళ్లు అక్షరాలు కూర్చాడు. పెళ్లికొడుకుల పేర్లు, చచ్చిపోయిన సావుకార్ల పేర్లు, సర్పంచుల పేర్లు, అన్నీ ఆ చేతుల మీదుగానే పోయాయి. తన పేరు మాత్రం ఒక్కసారి కూడా అచ్చు వేసుకోలేదు. "నా పేరు గూర్చితె ఇంకెవలకన్న అక్షరం తక్కువవడ్తది అక్కా" అనేవాడు. సీసం అక్షరాలు అంత కొరతగా ఉన్న కాలమే కానీ, అతని పేరులో ఉన్నవి మూడే అక్షరాలు.

నాకంటే పదేళ్లు పెద్దవాడు. అయినా నన్ను అక్కా అనేవాడు. ప్రెస్సు మా ఆయనది. నేను ప్రూఫులు చూసేదాన్ని. కిరాణా కొట్లూ బియ్యం వ్యాపారాలూ తప్ప తెలియని మా కోమటింట్లో కోడలు ప్రెస్సులో కూర్చోవడమేమిటని మొదట్లో అందరూ మూతులు తిప్పారు. తప్పులు పట్టడంలో నన్ను మించినవాళ్లు లేరని తెలిశాక వాళ్లే పెళ్లికార్డులు తెచ్చి నా ముందు పెట్టేవాళ్లు. ఆ గర్వం నాకు చాలా ఉండేది. ఎందుకు చెప్తున్నానో ముందు ముందు తెలుస్తుంది.

మొన్న వానాకాలం చివర్లో అతను పోయాడు. నాలుగు రోజులు జ్వరం, అంతే. పిల్లలు లేరు. ప్రెస్సు వెనక గదిలో ఉండేవాడు కనుక ఆ గది సర్దడం నా మీద పడింది. సర్దుతుంటే దొరికిన ఒక వస్తువు వల్ల ఇదంతా రాస్తున్నాను. లేకపోతే రాయకపోదును.

మనిషి పొట్టి. కుడిచేతి బొటనవేలు మాత్రం పెద్దది, చివర సాపుగా, మెరుస్తూ ఉండేది. పేజీ కూర్చి ఇనుప చట్రంలో బిగించాక కళ్లు మూసుకుని ఆ బొటనవేలును అక్షరాల మీద ఈ చివర నుంచి ఆ చివరకు జరిపేవాడు. ఎక్కడో ఆగేవాడు. ఆ అక్షరం ఎత్తుగానో పల్లంగానో ఉన్నట్టే. అక్షరాలన్నీ ఒకే ఎత్తున ఉంటేనే మిషను వాటిని ఒప్పుకుంటుంది. ఎత్తైతే కాగితం చిరుగుతుంది, పల్లమైతే సిరా అంటదు. ఎత్తుగా ఉన్నది తను చెక్కిన కొయ్య బ్లాకు అయితే వెనక రంద పట్టి ఒక పొర తీసేవాడు. పల్లమైతే కింద కాగితం ముక్క అతికించేవాడు. మళ్లీ కళ్లు మూసి బొటనవేలు జరిపి, "ఆఁ, బరాబర్ కూసున్నది" అనేవాడు. అది అన్నాకే ట్రెడిల్ మీద కాలు వేసేవాడు.

మాకున్న సీసం అక్షరాలు సగం పాతవి, సగం అరిగినవి. పెద్ద సైజువి అసలు లేవు. వాటిని అతనే కొయ్యతో చెక్కేవాడు. వాళ్లది భూపాలపల్లి దగ్గర అడవిలో ఒక పల్లె, కొయ్యపని చేసే వడ్లవాళ్లు. ఏడాదికోసారి పోయి రేగొండ దాకా బండి మీద, అక్కడినుంచి బస్సు మీద పాలకొయ్య ముక్కలు తెచ్చుకునేవాడు. ఆ ముక్కలను వడ్ల ఊక నింపిన డబ్బాలో దాచేవాడు. ముసురు పడితే కొయ్య ఉబ్బుతుంది, ఉబ్బితే చట్రంలో కూర్చోదు. వానాకాలం వచ్చిందంటే చంటిపిల్లను చూసినట్టు రోజూ ఆ డబ్బా మూత తీసి చూసేవాడు.

ఒకసారి కోస్తా నుంచి అక్షరాలు అమ్మే ఏజెంటు వచ్చాడు. సీసం పక్కన కొయ్య పెడతారా, మిషను పగిలిపోతుంది అని నవ్వాడు. అంతటితో ఆగక అతని మాటను అనుకరించి, "గిట్ల జేస్తరా" అని సాగదీశాడు. నాకు ఒళ్లు మండింది. అతను మాత్రం పని బల్ల దగ్గరికి పోయాడు. కూర్చి ఉన్న ఒక చట్రం తెచ్చి ఏజెంటు ముందు పెట్టి, "కండ్లు మూసుకోని ఏలు వెట్టు సారూ. కొయ్య ఏడున్నదో జెప్పు" అన్నాడు. ఏజెంటు మూడుసార్లు వేలు జరిపాడు. చెప్పలేకపోయాడు. ఆ రోజు మా ఆయన కొనదలచినదానికంటే తక్కువ కొన్నాడు.

అతని అసలు పని అక్షరాలు కాదు, ముఖాలు. మా దగ్గర దినాల కార్డు మీద పోయినవాళ్ల బొమ్మ ఉండాలి. బొమ్మ లేకపోతే చుట్టాలు చిన్నబుచ్చుకుంటారు. జింకు బ్లాకు చేయించాలంటే హైదరాబాదు పంపాలి, వచ్చేసరికి దినాలు అయిపోతాయి. అందుకని అతనే కొయ్య మీద ముఖం చెక్కేవాడు. ఇంటివాళ్లు ఫోటో తెచ్చేవాళ్లు. అతను ఫోటోను నేరుగా చూసేవాడు కాదు. బల్ల మీద ఒక పగిలిన అద్దం ముక్క ఉండేది. ఫోటోను దాని ముందు నిలబెట్టి, అద్దంలో కనిపించేదాన్ని మాత్రమే చూస్తూ చెక్కేవాడు. బ్లాకు మీద ఉన్నది కాగితం మీదికి తిరగబడి పడుతుంది కదా. అద్దంలో చూసి తిరగేసి చెక్కితే కాగితం మీద మనిషి మనిషిలాగే వస్తాడు.

చెక్కే ముందు ఇంటివాళ్లను ఒక ప్రశ్న అడిగేవాడు. కోపమొస్తే ఎట్లుంటుండె అని. కళ్లెలా ఉండేవి, ముక్కెలా ఉండేది అని ఎప్పుడూ అడగలేదు. ఏడుస్తూ వచ్చినవాళ్లు ఆ ప్రశ్న విని ముందు బిత్తరపోయేవాళ్లు. తర్వాత ఒకరు ఇలా అని, ఇంకొకరు కాదు అలా అని, గొడవపడి, నవ్వి, మళ్లీ ఏడ్చేవాళ్లు. అతను వాళ్లను చూస్తూ ఊరుకునేవాడు. ఏం దొరికేదో అతనికి, నాకు తెలియదు. కార్డు వచ్చాక మాత్రం, "గిదే మా బాపు" అని అందరూ ఒప్పుకునేవాళ్లు.

బతికున్నవాళ్ల ముఖం చెక్కేవాడు కాదు. అది అతని నియమం. పెళ్లికార్డు మీద మా తమ్ముడి బొమ్మ వెయ్యమని నేను అడిగితే చెవులు మూసుకున్నాడు.

అప్పట్లో వాళ్ల కాపురం వేరే వీధిలో. భార్య మధ్యాహ్నం సద్ది తెచ్చేది. ఎత్తరి మనిషి, గలగల మాట్లాడేది. ఎడమ ముక్కుకు ముక్కుపుల్ల. మా దగ్గర కొందరికి కుడి, కొందరికి ఎడమ, కొందరికి రెండూ. చిన్నప్పుడు కుడిపక్క సెగ్గడ్డ లేస్తే తల్లి ఎడమపక్క కుట్టించిందని నాతో తనే చెప్పింది. సద్దిమూట విప్పుతూ రోజూ అతన్ని దెప్పేది. ఊరందరి ముఖాలూ చెక్కుతావు, నాదెప్పుడు చెక్కుతావని. నన్ను కన్న మా అవ్వ దంతాలపల్లిలో ఒక్కతే ఉంది, నా ఫోటో ఒకటి తెమ్మని పండుగ పండుగకు అడుగుతుంది, కనీసం ఆమెకోసమన్నా చెక్కమని.

"నువ్వు ఎదురుంగనే ఉంటివి గద. సూసుకుంటనే ఉన్న" అనేవాడు అతను, ముద్ద నములుతూ.

అరవై తొమ్మిదిలో తెలంగాణ గొడవలు మొదలయ్యాయి. కాలేజీ పిల్లలు కరపత్రాలకు వచ్చేవాళ్లు. పెద్ద అక్షరాలన్నీ అతను చెక్కినవే. ఎండలు ముదిరేసరికి బస్సులు ఆగిపోయాయి, రోడ్ల మీద చెట్లు నరికి అడ్డం వేశారు. ఆ ఎండల్లోనే ఆమెకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. రెండు రోజులు. మూడో రోజు పొద్దున పోయింది. ఎండకు ఆపే వీలు లేక ఆ మధ్యాహ్నమే మట్టి చేశారు. దంతాలపల్లిలో తల్లికి తెలియదు.

మా ఆయన ఆ సాయంత్రమే అన్నాడు, సైకిలు మీద మనిషిని పంపుదాం, ఎంత కష్టమైనా రెండు రోజుల్లో చేరతాడు, దినాలకన్నా తల్లి వస్తుందని. అతను వద్దన్నాడు.

"వట్టి నోటి కబురు వద్దు సేటూ. ముసల్దానికి బిడ్డ ఫోటో ఒక్కటి లేదు. కార్డు జేస్త. కార్డు తోటి మనిషిని పంపుదాం. ఆమె చేతుల ముఖం వెడ్త" అన్నాడు.

రెండు రోజుల పని కదా అనుకున్నాం. అతనికి ఏ ముఖమైనా రెండు రోజులే పట్టేది. భార్య ముఖానికి నాలుగు రోజులు పట్టింది. ఎదురుగా గోడను చూస్తూ చెక్కాడు. నేను పక్క గదిలోంచి చూస్తూనే ఉన్నాను. ఫోటో లేదు కనుక బల్ల మీద అద్దం ముక్క బోర్లా పడి ఉంది. అది చూసి కూడా నాకేమీ తట్టలేదు.

బ్లాకు పూర్తయింది. చట్రంలో పెట్టి బిగించాడు. కళ్లు మూసుకుని బొటనవేలు జరిపాడు. ముఖం దగ్గర ఆగింది. ఎత్తుగా ఉంది, ఒక అట్టముక్క మందాన. అదేం పెద్ద సంగతి కాదు, రంద పట్టి వెనక ఒక పొర తీస్తే సరిపోతుంది. వందసార్లు చేసిన పని. అతను బ్లాకు తీసి వెనక్కి తిప్పాడు, రంద అందుకున్నాడు, మళ్లీ పెట్టేశాడు. నేను లోపలికి పోయి, ఒక్క పొర తీస్తే కూర్చుంటుంది కదన్నా, రోజులు పోతున్నాయి అన్నాను.

"గామె వీపుకు రంద ఎట్ల వెట్టాలె అక్కా" అన్నాడు.

నేను నా గదిలోకి తిరిగి వచ్చేశాను. అప్పుడు మాట్లాడవలసింది. కోప్పడవలసింది.

ఆమెను దించలేక మిగతా అందరినీ ఎత్తాడు. కార్డులో పదకొండు వరసలున్నాయి. ఒక్కొక్క వరస విప్పి, కింద సన్నగా కత్తిరించిన కాగితం పరిచి, మళ్లీ కూర్చాడు. కింద కాగితం ఉంటే అక్షరాలు నిలవవు, ఊగుతాయి. ఒక వరస బిగిస్తే ఇంకొకటి వదులయ్యేది. అక్షరాలు రాలిపోయేవి. ఏరి మళ్లీ మొదలుపెట్టేవాడు. రెండు రోజులు అన్నం తినలేదు. మా ఆయన వచ్చి మనిషినన్నా ముందు పంపుదామని రెండోసారి అడిగాడు. "అయిపాయె సేటూ, కూసుంటున్నది" అన్నాడు. మేమూ ఊరుకున్నాం. దుఃఖంలో ఉన్న మనిషి చేతిలోంచి పని లాక్కోవడమెలాగో మాకు తెలియలేదు.

తొమ్మిదో రోజు పొద్దున ప్రూఫు తీసి నా చేతికిచ్చాడు. భార్య పేరు, ఊరు, తిథి. కింద "భర్త" అని మాత్రమే ఉంది, పేరు లేదు. నేను చదివాను. ఒక దీర్ఘం పడలేదు, గుర్తు పెట్టాను. అది తప్ప అంతా సరిగ్గా ఉందని పెన్సిలుతో రాసిచ్చాను. ముఖం వైపు కూడా చూశాను. చాలా బాగా కూర్చుందని, ఒక్క చోట కూడా సిరా చెదరలేదని అనుకున్నాను. అతను కూడా అదే చూశాడు. ఇద్దరం కూర్చుందా లేదా అనే చూశాం.

సైకిలు మనిషి కార్డు పట్టుకుని ఆ మధ్యాహ్నం బయలుదేరాడు. పదో రోజు దినం అయిపోయింది. తల్లి లేకుండానే పిండం పెట్టారు. పన్నెండో రోజు పొద్దెక్కాక ఎడ్లబండి వచ్చి ప్రెస్సు ముందు ఆగింది. ముసలామె దిగింది. కొంగులో కార్డు ముడి వేసుకుని ఉంది. ఏడుస్తుందనుకున్నాం. ఏడవలేదు. అరుగు మీద కూర్చుని కొంగు విప్పి, కార్డు తీసి అల్లుడికి చూపించింది.

"గిదెవలు కొడుకా?"

అతను బిడ్డ పేరు చెప్పాడు.

"నా బిడ్డ గాదు. నా బిడ్డకు ముక్కుపుల్ల గీ దిక్కున్నదా? ఎడమ ముక్కుకు నేనే గదా కుట్టిచ్చిన. గింత దూరం నుంచి కార్డు దెచ్చిండు, ఇంకెవలో పొయిన్రు, నా బిడ్డె గాదని బండి దిగేదాంక అనుకుంట వచ్చిన." కార్డు అతని ముందు పెట్టి అంది. "పదొద్దుల నాడు ఉంటుంటి గదయ్యా. ఉండనియ్యకపోతివి."

అతను కార్డు తీసుకుని చూశాడు. నేను అతని భుజం మీదుగా చూశాను. ముక్కుపుల్ల కుడిపక్క ఉంది. పాపిట పక్కన చిన్న గాటు కూడా అటుది ఇటు వచ్చింది. ఎదురుగా కనిపించినట్టే చెక్కేశాడు, తిరగేయడం మరిచిపోయాడు. తన మనసులో ఉన్నదాన్ని చూస్తూ చెక్కాడు, అక్కడ అద్దం లేదు. పద్దెనిమిదేళ్లలో అతను చేసిన ఒకే ఒక్క తప్పు అది. దాన్ని సరిగ్గా ఉందని రాసిచ్చినదాన్ని నేను. ఆమె ముక్కుపుల్ల ఎటుపక్కో నాకు తెలుసు. నేను దీర్ఘం చూశాను, ఆమెను చూడలేదు.

ఆ తర్వాత అతను ముఖాలు చెక్కలేదు. పూలకుండలు, వినాయకుడు, అంచు డిజైన్లు, పెద్ద అక్షరాలు, అంతే. దినాల కార్డుకు ఎవరన్నా వస్తే, జింకు బ్లాకు తెప్పించుకోండి, కండ్లు సరిగ లేవు అనేవాడు. కళ్లు బాగానే ఉన్నాయి. అద్దం ముక్క తెచ్చి నాకిచ్చాడు. ఎందుకన్నా అంటే, బొట్టు వెట్టుకో అక్కా అన్నాడు. అందులో నా ముఖం సగమే కనిపించేది.

బొటనవేలు జరపడం మానలేదు. బరాబర్ కూసున్నది అనడం మాత్రం మానేశాడు. తల ఊపేవాడు. ఏడాదికోసారి దంతాలపల్లి పోయేవాడు, బెల్లమో చీరో పట్టుకుని. ముసలామె అన్నం పెట్టేదట, మాట్లాడేది కాదట. తిని, చేయి కడుక్కుని, కాసేపు అరుగు మీద కూర్చుని వచ్చేసేవాడు. ఆ బ్లాకేమయిందని నేనెప్పుడూ అడగలేదు. పొయ్యిలో పెట్టి ఉంటాడనుకున్నాను.

ఇప్పుడు అతని గది సర్దుతుంటే ఊక డబ్బా అడుగున దొరికింది. భార్య పాత చీర ముక్కలో చుట్టి ఉంది. సిరా మరక లేకుండా గాసునూనెతో తుడిచాడు. వెనకవైపు చూశాను, రంద పెట్టలేదు. ముందువైపు తిప్పి కిటికీ దగ్గర వెలుతురులో పెట్టుకున్నాను.

ఎదురుగా ఆమె ఉంది. సద్దిమూట విప్పుతూ అతన్ని దెప్పబోయే ముందు పెదవి ఒక పక్కకు పోయేది, అదే పెదవి. ముక్కుపుల్ల ఎడమపక్కే ఉంది. కాగితం మీద తిరగబడింది కానీ కొయ్య మీద ఆమె ఆమెలాగే ఉంది. పదహారేళ్లుగా మేమందరం తప్పనుకున్నది తప్పు కానే కాదు. నేను అక్కడే కూలబడి ఏడ్చాను, అతను పోయిన రోజు కంటే ఎక్కువగా.

మర్నాడు మా ఆయనతో చెప్పి బస్సెక్కాను. తొర్రూరులో మారి, మానుకోట బస్సులో దంతాలపల్లి చేరేసరికి మధ్యాహ్నమైంది. ముసలామె ఇంకా ఉంది. చూపు పూర్తిగా పోయింది. నేనెవరో చెప్పాను. అల్లుడు పోయాడని చెప్పాను. ఆమె అరుగు వైపు తిరిగింది. ఎప్పుడొచ్చినా అరుగు మీద అదే జాగాలో కూర్చునేవాడని చేత్తో చూపించింది. ఒక్కనాడన్నా పలకరిస్తే అయిపోయేది, నాకు నోరు రాలేదు అంది.

చీర ముక్క విప్పి బ్లాకు ఆమె ఒళ్లో పెట్టాను. ఏంది బిడ్డా, గిది అంది. నేను ఆమె చేతులు దాని మీదికి చేర్చాను. ఆమె దాన్ని రెండు చేతులా పట్టుకుని, కుడి బొటనవేలును మెల్లగా పైనుంచి కిందికి జరిపింది. నుదురు దాటింది. కనుబొమ్మలు దాటింది. ముక్కు దగ్గర ఆగింది. ముక్కుపుల్ల మీద రెండుసార్లు తడిమింది. పెదవి మీదికి పోయి, అక్కడే ఉండిపోయింది.

"నా బిడ్డె" అంది. "నన్ను కోపం జేసేటప్పుడు గిట్లనే వెట్టేది మూతి."

కొయ్యను చెంపకు ఆనించుకుంది. నేను ఏవేవో చెప్పడం మొదలుపెట్టాను. చట్రం సంగతి, ఎత్తు సంగతి, అద్దం సంగతి, ఆ రెండు రోజులు అతను అక్షరాల కింద కాగితాలు పెట్టిన సంగతి. ఆమెకు ఎంత అర్థమైందో తెలియదు. అంతా విని, నా వైపు ముఖం తిప్పి అడిగింది.

"మరి గీ కట్టెనే పంపితె అయిపోతుండె గద బిడ్డా? కాగితమెందుకు?"